దోమకొండ గడి జీర్ణోద్ధరణ : మనకు మిగిలిన పని

సంస్కృతంలోని సౌధ శబ్దం సుధా శబ్దం నుండి పుట్టినదని మన విద్యార్థులు తొలి తరగతులలోనే నేర్చుకొందురు. సుధ అనగా అమృతం. సుధ అనగా సున్నం కూడ. సున్నం పూసి తెల్లగా మెరుగుపెట్టిన కట్టడం సౌధం. వ్యుత్పత్తి చెప్పి, ఉదాహరణకు ఒక శ్లోకం చదివి, ముందుకు సాగుట మన బోధనలో పరిపాటి. ఆ శబ్దం వెనుకనున్న ద్రవ్యమేది, దానిని నూరినవారెవరు, ఏ మాటలతో ఆ పని చేసికొన్నారు అనే ప్రశ్నలు తరగతి గదిలోనికి రావు. వాటిని ఇకనైనా రానీయవలెనని ఈ వ్యాసం ఉద్దేశం. అందుకు నిమిత్తం, ఒకప్పటి నిజామాబాదు జిల్లాలో ఉండి, 2016 అక్టోబరు నుండి కామారెడ్డి జిల్లాలో చేరిన దోమకొండ గడి జీర్ణోద్ధరణ.

దోమకొండ సంస్థానాధీశులైన కామినేని వంశీయుల నివాసమైన ఈ గడి నేటికిని ఆ కుటుంబం ఆస్తియే. పాడుపడిన ఆ కట్టడాన్ని వారు పలు సంవత్సరాలు శ్రమించి బాగుచేయించినారు. 2022లో యునెస్కో ఆసియా–పసిఫిక్ సాంస్కృతిక వారసత్వ పరిరక్షణ పురస్కారాలలో ఈ కోటకు 'మెరిట్' పురస్కారం లభించినది. ఇది సంతోషింపదగిన విషయం. అయితే రాతికి, సున్నానికి సంబంధించిన ఉద్ధరణ ఒకటి, మాటకు సంబంధించిన ఉద్ధరణ మరొకటి. మొదటిది జరిగినది. రెండవది మిగిలియున్నది. అది ఇంటి యజమానులు చేయగలిగినది కాదు, వాస్తుశిల్పులు చేయగలిగినదీ కాదు. ప్రాచ్య కళాశాలల అధ్యాపకులమైన మనము చేయవలసినది.

సంతానంలో చేరని ఇల్లు

రాజగృహాన్ని నిలుపుకొనవలెననే తలంపు మన సంప్రదాయంలో ఎంతవరకు కలదో ముందుగా చూడవలెను. తెలుగు కవులు, శాసనకర్తలు మాటిమాటికి స్మరించిన సప్తసంతానాలు విజ్ఞులకు విదితములే: తనయుడు, తటాకం, కావ్యం, నిధానం, ఆలయం, వనం, అగ్రహారం. కర్త గతించిన పిమ్మట ఆతని పేరు నిలిపేవి ఈ ఏడు. ఈ జాబితాలో ఇల్లు లేదు. చెరువు తవ్వించిన రాజు, గుడి కట్టించిన రాజు, కృతి నందిన రాజు సంతానవంతుడు. మేడ కట్టించుకొన్న రాజు ఆ మేడవలన సంతానవంతుడు కాడు. ఇల్లు అనుభవానికి, సంతానం కీర్తికి.

చరిత్ర ఈ భావననే అనుసరించినది. మోస్రా, వర్ని పొలాలకు పొరుగుననున్న బోధన్ ఒకనాటి పోదన. వేములవాడ చాళుక్యుల తొలి రాజధాని ఇదేయని చరిత్రకారులు పలువురు అంగీకరించినారు. ఆ రాజుల మేడ గోడ ఒక్కటియు నేడు నిలిచి లేదు. కాని వారి ఆస్థానంలో పంపకవి వ్రాసిన కన్నడ భారతం నిలిచినది. ఆయన తమ్ముడు జినవల్లభుడు కరీంనగర్ జిల్లా కురిక్యాల గుట్టమీద పదవ శతాబ్దిలో చెక్కించిన శాసనంలోని తెలుగు కంద పద్యాలు నిలిచినవి. ఓరుగల్లులో కాకతీయుల గుడి తోరణాలు నాలుగు దిక్కుల నిలిచియుండగా, వారి నగరు లేదు. హంపిలో రాజప్రాసాదాల రాతి పీఠాలు మిగిలినవి. వాటిపై నిలిచిన కొయ్య కట్టడాలు పోయినవి. చంద్రగిరి రాజమహలు కొయ్య వాడకుండ రాయి, ఇటుక, సున్నాలతో కట్టినది గనుక నేటికి చూడగలుగుచున్నాము.

కామినేని వంశంలోనే ఇందుకు తార్కాణం కలదు. పదునారవ శతాబ్దిలో బిక్కనవోలు ప్రభువైన కామినేని మల్లారెడ్డి షట్చక్రవర్తి చరిత్రము, శివధర్మోత్తరము, పద్మపురాణము రచించినాడు. ఆ బిక్కనవోలు నేటి బిక్కనూరు. హరిశ్చంద్రుడు, నలుడు, పురుకుత్సుడు, పురూరవుడు, సగరుడు, కార్తవీర్యుడు అనే ఆరుగురు చక్రవర్తుల కథలు చెప్పిన ఈ ప్రభువు పేరు సాహిత్య చరిత్రలో నిలిచినది ఆయన నివసించిన ఇంటివలన కాదు, వ్రాసిన కావ్యాలవలన.

కావున రాజగృహ జీర్ణోద్ధరణ మనకు కొత్త పని. దానికి తగిన ఆలోచన కూడ కొత్తగా చేసికొనవలసియున్నది.

దోమకొండలో జరిగినది

దోమకొండ కోట సుమారు ముప్పదితొమ్మిది ఎకరాల ఆవరణ. ఇప్పటి రూపం ప్రధానంగా పదునెనిమిదవ శతాబ్ది నాటిదిగా చెప్పుదురు. చుట్టును రాతి ప్రాకారం, బురుజులు, కందకం; లోపల నివాస భవనాలు. వాటితోపాటు ఈ భవనాలకంటె చాల ప్రాచీనమై, కాకతీయుల నాటి శిల్పరీతిని చూపే మహాదేవాలయం కలదు. నివాస భవనాలలో దేశీయమైన నడిముంగిలి విన్యాసం, ఐరోపా పద్ధతి స్తంభాలు, గచ్చుతో తీర్చిన పూలపనులు ఒకదానితో ఒకటి కలిసియున్నవి. అద్దాలమేడగా పేరొందిన భవనం ఈ మిశ్రమరీతికి మంచి ఉదాహరణ. సంస్థానాధీశుని అభిరుచిలో కాకతీయ సంప్రదాయం, గోలకొండ–అసఫ్‌జాహీ నాగరికత, పాశ్చాత్య ప్రభావం వరుసగా పేరుకొన్న తీరు ఇచ్చట గోడమీదనే చదువుకొనవచ్చును.

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో విలీనమైనది. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు శాసనం వచ్చినది. పాత భూస్వామ్యాధికారం తొలగిపోగా, దాని రాబడిపై ఆధారపడిన ఇండ్లను పోషించే వనరు కూడ తొలగినది. కొన్ని విద్యాలయాలైనవి: వనపర్తి రాజభవనంలో పాలిటెక్నిక్, గద్వాల కోటలో కళాశాల వెలసినవి. హైదరాబాదులోని ఫలక్‌నుమా 2010లో హోటలుగా తెరవబడినది. చౌమహల్లా ప్రదర్శనశాలయై, 2010లో యునెస్కో పురస్కారం పొందినది. పల్లెలలోని గడులలో అధికభాగం మాత్రం వానకు నానుచు, వాసాలు, దర్వాజాలు ఒకటొకటిగా అమ్ముడుపోవుచు నేలమట్టమైనవి.

దోమకొండ ఈ మార్గాలలో దేనిని పూర్తిగా అనుసరింపలేదు. దోమకొండ కోట, గ్రామాభివృద్ధి ట్రస్టు ద్వారా సాగిన ఈ పనిలో స్థానిక పనివారికి చోటు కలిగినది. సిమెంటును గాక సున్నాన్ని ఆశ్రయించినారు. ఒకరి సొంత ఇల్లైనను గ్రామస్థులకు, యాత్రికులకు తలుపు తెరచినారు. మహాదేవునికి పూజ సాగుచున్నది. యునెస్కో గౌరవించినది కూడ ప్రధానంగా ఈ గుణాన్నే: పాడుపడిన కోట ఊరివారితో కలిసి మరల ఊరికి గుర్తుగా నిలిచినది. అదే సంవత్సరం గోలకొండ మెట్లబావులకు 'డిస్టింక్షన్' పురస్కారం వచ్చుట కూడ స్మరింపదగినది. తెలుగు నేలమీద సున్నపు పని తెలిసిన చేతులు ఇంకను ఉన్నవని ఈ రెండును చాటినవి.

సున్నం సంగతి పట్టుదల మాత్రమే కాదు, దానికి శాస్త్రం కలదు. సున్నపు గోడ లోనికి తీసికొన్న తేమను మరల వెలికి వదలును. సిమెంటు పూత ఆ దారి మూసివేయును. నీరు గోడలోనే నిలిచి, లవణాలు పొంగి, పాత ఇటుకను, గచ్చును లోపలినుండి తినివేయును. పాత ఇంటికి సిమెంటు పూయుట మేలు చేయబోయి కీడు చేయుటయే. సుధ లేని సౌధం శబ్దార్థం చేతనే కాదు, వస్తుతత్త్వం చేత కూడ నిలువదు.

ఒకే ప్రాకారంలో రెండు ధర్మాలు

జీర్ణోద్ధారం అనే మాట మనకు ఆగమాలలో, పురాణాలలో సుపరిచితం. అగ్నిపురాణం దీనికి ప్రత్యేకాధ్యాయాలు కేటాయించినది. మయమతంలో ముప్పదియైదవ అధ్యాయం అనుకర్మను, అనగా కట్టడాల పునఃకరణను వివరించును. మూలలక్షణాలు గుర్తింపదగినంత నిలిచియున్న ఆలయాన్ని దాని సొంత ద్రవ్యాలతోనే బాగుచేయవలెనని ఆ శాస్త్రం ఆశయం. ఇచట ప్రధానం దేవతా సాన్నిధ్యం. విగ్రహం భిన్నమైనచో మార్చవలెను. గుడి మరల సంపూర్ణం కావలెను. లోపాన్ని లోపంగా చూపుట ఆగమానికి సమ్మతం కాదు.

1964లో వెనిస్ నగరంలో వాస్తునిపుణులు రూపొందించిన ధర్మపత్రం వేరొక మార్గం చెప్పినది. ఆధారం ఉన్నంతవరకే పునరుద్ధరణ సాగవలెను, ఊహతో ముందుకు పోరాదు. కొత్తగా చేర్చిన భాగం పాతదానితో పొందిక కలిగియుండియు కొత్తదని తెలియవలెను. ఇచట ప్రధానం సాక్ష్యం. కట్టడం చరిత్రకు వాఙ్మూలం. ఆ వాఙ్మూలాన్ని దిద్దరాదు.

దోమకొండ ప్రత్యేకత ఏమనగా, ఈ రెండు ధర్మాలకు ఒకే ప్రాకారంలో చోటున్నది. మహాదేవాలయం నిత్యపూజ జరిగే గుడి. దానికి ఆగమం వర్తించును. మేడలు ఒక కాలపు జీవితానికి సాక్ష్యాలు. వాటికి వెనిస్ పత్రం చెప్పిన నిగ్రహం వర్తించును. గుడిని ప్రదర్శనశాలగా చూచుట ఎంత తప్పో, గడిని గుడిగా చూచుట అంత తప్పు. రాజగృహాన్ని పూజించుటకు గాక పరిశీలించుటకు నిలుపుకొనుచున్నాము. ఈ భేదం మనసులో లేనిచో జీర్ణోద్ధరణ కేవలం వంశస్తుతిగా మారును.

గోడ వెలుపలి గొంతు

ఇచట ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పవలసియున్నది. తెలంగాణలో 'గడి' అనగానే పల్లెప్రజలకు జ్ఞాపకం వచ్చునది గచ్చుపూలు కాదు, వెట్టి. దొర ఇంటికి కుండలు, చెప్పులు, కట్టెలు, పాలు, చాకిరి ఉచితంగా సమర్పించుకొన్న కులాలవారి మనుమలు నేడు మన తరగతులలో చదువుకొనుచున్నారు. ఆంధ్రమహాసభ సమావేశాలలో వెట్టిచాకిరి ముఖ్య ప్రస్తావన. ఆ సభలలో ఆరవది 1937లో నిజామాబాదులోనే జరిగినది. 1946 నుండి 1951 వరకు సాగిన సాయుధ పోరాటంలో గడులు దాడులకు గురియైనవి. ఇట్టి కట్టడాలను నిలుపుట దేనికి, కూలిపోనిండు అనువారి మాటలో బాధ కలదు, న్యాయమును కలదు. దానిని తేలికగా తోసివేయరాదు.

అయినను గోడ కూలినంతమాత్రాన బాధ తీరదు. బాధకు సాక్ష్యం మాత్రం పోవును. ఇందూరు కోట ఇందుకు మంచి నిదర్శనం. ఆ కోట నిజాం పాలనలో చెరసాల అయినది. 1948లో అచ్చట బందీగానున్న దాశరథి బొగ్గుతో జైలు గోడలపై పద్యాలు వ్రాసినాడు. నేడు ఆ కోటను చూడవచ్చువారు కట్టించిన రాజును ఎంతమంది తలంతురో చెప్పలేము గాని, దాశరథిని తలంపనివారుండరు. అధికారం కట్టుకొన్న గోడయే అధికారాన్ని ఎదిరించిన మాటకు పత్రమైనది. గోడను కాపాడుకొన్నవారికే ఈ రెండు చరిత్రలు దక్కును.

కావున దోమకొండవంటి గడులలో చూపరులకు చెప్పు కథలో రెండు వైపులు ఉండవలెను. వంశవృక్షం ఉన్నచోటనే, ఆ రాళ్లు ఎత్తిన వడ్డెరలు, సున్నం నూరిన ఆడవారు, దూలాలు చెక్కిన వడ్లవారు, వెట్టి చేసిన ఇండ్లవారు చెప్పే మాటలు కూడ నమోదు కావలెను. ఇది యజమానులను నిందించుట కాదు. తలుపు తెరచినవారు అభినందనీయులు. తెరచిన తలుపులోనుండి ఊరి జ్ఞాపకం కూడ లోనికి పోవలెననుటయే మా అభిప్రాయం. ఇల్లు ఒకరి ఆస్తి కావచ్చును. ఇంటి అర్థం ఊరందరి ఆస్తి.

మాటల జీర్ణోద్ధరణ

ఇక మన పని. రాజగృహాన్ని తెలిపే తెలుగు మాటలే ఒక చిన్న చరిత్ర. ప్రాచీన కావ్యాలలో రాజమందిరం 'నగరు'. దాని ముందరి చావడి 'మొగసాల'. పారసీక పరిపాలనా పదజాలంతో 'దివాణం' వచ్చినది. ఉర్దూ ద్వారా 'దేవిడీ' వచ్చినది. 'గడి' విచిత్రమైనది: తెలుగు నిఘంటువులలో దానికి ఎల్ల, పొలిమేర అనే అర్థం కలదు, పొలిమేర కోటకు గడిదుర్గమని పేరు. ఉత్తరాది భాషలలో, మరాఠీలో 'గఢీ' అనగా చిన్నకోట. తెలంగాణ పల్లెలోని 'గడి' ఈ రెండింటిలో దేనికి వారసత్వం, లేక రెండును కలిసి ఒక్కటైనవా అనునది శ్రద్ధగా పరిశోధింపదగిన అంశం. పొలిమేర అనే మాట ఊరినడుమ నిలిచిన ఇంటికి పేరైనచో, ఆ ఇల్లు ఊరిలో ఉండియు ఊరికి ఎల్లగా నిలిచినదని జనం భావించిరా? అర్థపరిణామం సామాజిక చరిత్రకు దారి చూపగలదు.

కట్టడపు పనిమాటలు ఇంతకంటె విలువైనవి, ఇంతకంటె త్వరగా పోవుచున్నవి. సున్నపురాయిని కాల్చి, తడిపి, ఇసుకతో కలిపి, ఎద్దులు లాగే రాతిచక్రం క్రింద నూరిన దానిని తెలంగాణలో డంగుసున్నం అందురు. ఇతర ప్రాంతాలలో గానుగసున్నం. అందులో బెల్లపునీరు, కరక్కాయ నానిన నీరు కలుపుదురు. చెరకు పండించి, 1930ల చివరినుండి 2015లో మూతపడువరకు చక్కెర కర్మాగారాన్ని ఎరిగిన బోధన్ ప్రాంతానికి బెల్లం తినుబండారమే కాదు, గోడకు బలం కూడ అని చెప్పినచో మన విద్యార్థులు ఆశ్చర్యపడుదురు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశాలలో బూదరాజు రాధాకృష్ణ సంకలించిన వాస్తు పదకోశం 1968 నాటిది. ఆ తరువాత అర్ధశతాబ్ది గడచినది. ఈలోగా మేస్త్రీల నోట స్లాబు, పిల్లరు, బీము, సెంట్రింగు స్థిరపడినవి. దూలం, మొగరం, వాసం, గచ్చు, కమాను అనే మాటలు తెలిసినవారు వృద్ధులైనారు. దోమకొండ పనిలో పాల్గొన్న చేతులు పాత పనిని మరల నేర్చుకొన్నవి. ఆ చేతులతోపాటు నోళ్లు ఏ మాటలు పలికినవో వ్రాసిపెట్టుకొనుట ఇంకను సాధ్యమే. పదేండ్ల తరువాత సాధ్యం కాకపోవచ్చును.

ఇందుకు మోస్రా, వర్ని, కోటగిరి, బోధన్ ప్రాంతం మరింత అనుకూలం. 1931లో నిజాంసాగర్ పూర్తియైన పిమ్మట కోస్తా జిల్లాల రైతులు వచ్చి ఈ కాలువల క్రింద క్యాంపులు కట్టుకొన్నారు. అందువలన కొద్ది క్రోసుల విస్తీర్ణంలో రెండు తెలుగుల ఇంటిమాటలు పక్కపక్కన వినవచ్చును. నడుమ ఆకాశం కనబడే చతుశ్శాల ఇంటిని ఇచటి పాత ఊరివారు భవంతి అందురు. వచ్చినవారి పెద్దలు మండువా లోగిలి అందురు. దోమకొండ మేడలోని నడిముంగిలి ఈ సామాన్యగృహానికే రాజసరూపం. రాజు ఇల్లు, రైతు ఇల్లు ఒకే విన్యాసం నుండి ఎదిగినవని మాటలే సాక్ష్యం చెప్పును.

కర్తవ్యం

పై విచారణను బట్టి విద్వాంసుల ముందు నాలుగు పనులు పెట్టుచున్నాము.

మొదటిది: కామినేని మల్లారెడ్డి కావ్యాలకు తాళపత్ర ప్రతులను సరిపోల్చి, పాఠాంతరాలతో, లఘుటీకతో సంస్కరణలు సిద్ధంచేయుట. సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచిక ప్రకటించి తెలంగాణకు కవులున్నారని నిరూపించినాడు. తూమాటి దోణప్ప 1969లో ఆంధ్రసంస్థానాల సాహిత్యపోషణను గ్రంథస్థం చేసినాడు. ఆ మార్గంలో ఇందూరు సీమకు ప్రత్యేకగ్రంథం అవసరం.

రెండవది: జిల్లాలోని గడులను, వాటిలోని శాసనాలను, దర్వాజాలపై చెక్కిన అక్షరాలను విద్యార్థుల చేత నకలు తీయించుట. దోమకొండ బాగుపడినది, రాణి శీలం జానకీబాయి పేరుతో ముడిపడిన సిర్నాపల్లి గడివంటివి అట్టి శ్రద్ధకు ఎదురుచూచుచున్నవి. పడిపోకముందే చదువవలెను.

మూడవది: వడ్డెర, వడ్ల, కమ్మరి, కుమ్మరి పెద్దల నోట వాస్తుపదాలను, గడితో వారి కుటుంబాలకున్న సంబంధపు కథనాలను సేకరించుట. భాషాప్రవీణ విద్యార్థి ఒక్కొక్కడు తన ఊరినుండి ఏబది మాటలు తెచ్చినను, 1968 నాటి కోశానికి విలువైన అనుబంధం సమకూరును.

నాలుగవది: జీర్ణోద్ధృతమైన కట్టడాలలో చూపరులకొరకు పెట్టే పలకలపై తెలుగు పేర్లు ముందుండునట్లు, అవి సరియైన పేర్లగునట్లు యజమానులకు సహకరించుట. మొగసాలను మొగసాల అని పిలిచినప్పుడే ఆ మాట మరల బ్రతుకును.

ఈ పనులకు పెద్ద ధనం అక్కరలేదు. సెలవుదినాలు, కాలినడక, ఓపిక చాలును. సంప్రదాయం ఇంటిని సంతానంగా లెక్కింపలేదు, కావ్యాన్ని లెక్కించినది. ఇంటిని గూర్చిన మాటలను, ఇంటిలోనివారి మాటలను, ఇంటి వెలుపలివారి మాటలను ఒకచోట చేర్చినచో, ఇల్లు కావ్యం పక్కన నిలుచుటకు అర్హత పొందును. రాతిపని చేసినవారు తమ వంతు నెరవేర్చినారు. మన వంతు ఆలస్యం కారాదు. ఏలయనగా రాయి ఇంకొక నూరేండ్లు నిలువగలదు, డంగుసున్నపు మాటలు తెలిసిన మేస్త్రీ నిలువడు.